"జలగ" అని రాసిన ఐదు సీసాలు: ఒక మందలో ఫ్లూక్‌ల వర్గీకరణ, కేస్ స్టడీ

గేదెలు, గొర్రెలు కలిసి మేసే మంద. పక్కనే చేపల చెరువు. పశువులు తాగేది ఆ నీరే, మేసేది ఆ గట్టు మీద గడ్డే. గొర్రెల్లో కొన్నిటికి దవడ కింద నీరు దిగింది. గేదెలు చిక్కిపోయాయి, కొన్ని పలచగా పారుతున్నాయి. పేడ పరీక్షలో "జలగ గుడ్లు" కనిపించాయని రిపోర్టు వచ్చింది. బరువు చూసి, కార్జంలో బతికే చదును పురుగులకు (ఫ్లూక్‌లకు) వేసే ట్రైక్లాబెండజోల్ మందు పట్టించారు. 21వ రోజున మళ్లీ పేడ చూస్తే గుడ్లు దాదాపు అలాగే ఉన్నాయి. మందుకు పురుగు లొంగడం లేదన్న అనుమానం అక్కడ మొదలైంది.

ఆ అనుమానంతో పాటు ఐదు సీసాలు ప్రయోగశాలకు చేరాయి. ఐదింటి మీదా ఒకటే మాట: జలగ. మొదటి దానిలో గేదె, గొర్రె కాలేయాల పైత్యరస నాళాల నుంచి తీసిన ఆకుల్లాంటి పురుగులు. రెండో దానిలో గేదె పెద్దపొట్ట గోడ నుంచి తీసిన ఎర్రటి, కండ పట్టిన పురుగులు. మూడోది మరో గేదె పైత్యరస నాళాల నుంచి వచ్చింది, కానీ వీటిలో ఆకు ఆకారం లేదు, పొట్టిగా శంకువులా ఉన్నాయి. నాలుగోది చెరువు చేపల మొప్పల నుంచి. ఐదోది అదే చెరువులోని ఆల్చిప్ప గుండె చుట్టూ ఉండే సంచి నుంచి.

అడిగిన ప్రశ్నలు రెండు. మందుకు నిరోధకత వచ్చిందా? చేపల్లో, ఆల్చిప్పల్లో ఉన్న ఈ "జలగలే" పశువులకు ఎక్కుతున్నాయా? రెండింటికీ జవాబు వర్గీకరణలోనే దొరికింది. మందుల పట్టిక ఎంత తిరగేసినా దొరికేది కాదు.

పేరుతోనే వచ్చిన చిక్కు

తెలుగులో లివర్ ఫ్లూక్‌ను కార్జపు జలగ అనీ, రూమెన్‌లోని (పెద్దపొట్టలోని) వాటిని పొట్ట జలగలు అనీ పిలవడం పాత అలవాటు. అంటిపెట్టుకోవడానికి రెండు చూషకాలు (పీల్చి పట్టే గుండ్రటి అవయవాలు) ఉండటం వల్ల వచ్చిన పేరు అది. అసలు జలగ అనెలిడా వర్గానికి చెందింది. దాని ఒంటి నిండా ఖండాలుంటాయి, వెనక పాయువు ఉంటుంది. ఫ్లూక్ ప్లాటీహెల్మింథిస్, అంటే చదును పురుగుల వర్గం. ఖండాలు లేవు, శరీర కుహరం లేదు, పాయువు కూడా లేదు. తిన్నదాని వ్యర్థం వచ్చిన దారినే నోటి గుండా పోవాలి. రైతుతో మాట్లాడేటప్పుడు జలగ అంటే ఇబ్బందేమీ లేదు. రిపోర్టులో మాత్రం ఆ మాట రాయకూడదు. "ఫ్లూక్" అన్న మాటను కూడా జాగ్రత్తగా వాడాలి, ఎందుకంటే అది వర్గీకరణలో ఏ మెట్టుకూ పేరు కాదు. కనీసం రెండు వేర్వేరు విభాగాల పురుగులను మనం ఆ ఒక్క పేరుతో పిలుస్తున్నాం.

మెట్లు ఇలా ఉంటాయి. చదును పురుగుల్లో పూర్తిగా పరాన్నజీవులైన శాఖను నియోడెర్మాటా అంటారు. 1985లో ఎహ్లర్స్ పెట్టిన పేరు. డింభకానికి (పురుగు పిల్ల దశకు) ఉండే, శైలికలనే సన్నని వెంట్రుకలున్న చర్మం రాలిపోయి, దాని చోట కణాల మధ్య గోడలు లేని కొత్త పొర, టెగ్యుమెంట్, ఏర్పడటం ఈ శాఖ గుర్తు. ఆతిథేయి (పురుగు ఆశ్రయించి బతికే జీవి) పేగులోనూ పైత్యరసంలోనూ పురుగు అరిగిపోకుండా నిలబడగలిగేది, తన ఒంటి మీద నుంచే కొంత ఆహారం పీల్చుకోగలిగేది ఈ పొర వల్లే. ఈ శాఖలో మూడు గుంపులు: బద్దె పురుగుల సెస్టోడా, మోనోజీనియా, ట్రెమటోడా. ట్రెమటోడాలో మళ్లీ రెండు ఉపవిభాగాలు: ఆస్పిడోగాస్ట్రియా, డైజీనియా. డైజీనియాలో సుమారు 18,000 జాతులు ఉంటాయని లెక్క. ఆస్పిడోగాస్ట్రియాలో వంద కూడా లేవు.

పాత పుస్తకాల్లో మోనోజీనియా కూడా ట్రెమటోడాలోనే ఒక క్రమంగా ఉండేది. ఒకే ఆతిథేయితో బతుకు గడిపేవి, ఆతిథేయులను మార్చేవి అని 19వ శతాబ్దం మధ్యలో వాన్ బెనెడెన్ వీటిని విడదీశాడు. అయినా అవి ఒకే గొడుగు కింద చాలాకాలం ఉండిపోయాయి. 1937లో బైఖోవ్‌స్కీ మోనోజీనియాను ప్రత్యేక విభాగంగా నిలబెట్టాడు. పాత పాఠం చదివినవారు మొప్పల పురుగును, కార్జపు పురుగును ఒకే కుటుంబంలా చూడటానికి కారణం ఇదే. చెరువు గురించి రెండో ప్రశ్న పుట్టింది కూడా ఇక్కడే.

సీసా తెరవక ముందు

లేబుల్ మీద నాలుగు విషయాలు ఉండాలి: ఏ పశువు, ఏ అవయవం, ఏ తేదీ, ఏ ద్రవం. ఈ కేసులో తేదీ లేదు. అడిగి తెలుసుకుంటే మొదటి సీసా మందు వేయక ముందు సేకరించినదని, రెండూ మూడూ మందు వేసిన 21 రోజుల తరవాత కోసిన గేదెల నుంచి వచ్చాయని తేలింది. సగం కేసు ఈ ఒక్క సమాచారంతోనే విడిపోయింది. మందు తరవాత కోసిన కాలేయాల్లో నాళాలు గట్టిపడి, మందంగానే ఉన్నాయి, కానీ బతికిన ఆకు పురుగు ఒక్కటీ దొరకలేదు. నాళం గోడ మామూలు కావడానికి చాలాకాలం పడుతుంది కాబట్టి, కాలేయం చూసి "ఇంకా ఉంది" అనడం తప్పు. పురుగు దొరకాలి.

ద్రవం సంగతి ఇంకా ముఖ్యం. ఫార్మలిన్‌లో పెట్టిన పురుగు ఆకారం బాగా నిలుస్తుంది, డీఎన్ఏ మాత్రం ముక్కలై, దాన్ని పెంచి పరీక్షించే పీసీఆర్‌కు పనికిరాకుండా పోతుంది. 96 శాతం ఇథనాల్‌లో నేరుగా వేస్తే డీఎన్ఏ భద్రం, కానీ పురుగు బిగుసుకుని ముడుచుకుపోతుంది, కొలతలు పనికిరావు. అందుకే ప్రతి గుంపునూ రెండుగా పంచుకోవాలి. పురుగులను గోరువెచ్చని 0.85 శాతం సెలైన్‌లో కొన్ని గంటలు ఉంచితే పేగులోని నల్లటి రక్త వ్యర్థాన్ని కక్కేస్తాయి. ఈ పని ఎగ్గొడితే రంగు వేశాక పేగు కొమ్మలు నల్లగా అడ్డుపడి ముష్కాలు, అండాశయం కనిపించవు. ఆ తరవాత ఆవిరి వచ్చేంత వేడి సెలైన్‌లోకి ఒక్కసారి వదిలితే సాగిన స్థితిలోనే చనిపోతాయి. చల్లటి ఫార్మలిన్‌లో బతికుండగా వేస్తే ముడుచుకుంటాయి. ముడుచుకున్న పురుగును ఎవరూ తిరిగి సాగదీయలేరు.

రంగు వేయాల్సిన వాటికి ఆల్కహాల్, ఫార్మలిన్, ఎసిటిక్ ఆమ్లం కలిసిన ఏఎఫ్ఏ వాడాం: 85 శాతం ఇథనాల్ 85 భాగాలు, ఫార్మలిన్ 10, గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 5. ఆకు పురుగులను రెండు గాజు పలకల మధ్య తేలికగా, పలక బరువు మాత్రమే పడేలా ఉంచి స్థిరపరచాలి. దారంతో గట్టిగా బిగిస్తే వెడల్పు పెరిగిపోయి, తరవాత చేసే నిష్పత్తుల లెక్కంతా తప్పుతుంది. పొట్ట పురుగులను అసలు నొక్కకూడదు.

ఒకటో సీసా: ఆకు పురుగులు

సెమికాన్ ఎసిటోకార్మైన్ అనే ఎర్ర రంగులో రాత్రంతా ఉంచి, మర్నాడు 70 శాతం ఇథనాల్‌లో 1 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో రంగు దించాం. ఒంటి అంచులు లేత గులాబీకి వచ్చి, లోపలి అవయవాలు ముదురుగా మిగిలినప్పుడు ఆపాలి. ఫార్మలిన్ నుంచి తీసిన పురుగును ముందు నీటిలో గంటల తరబడి కడగకపోతే కార్మైన్ సరిగా పట్టదు. 80, 95, 100 శాతం ఇథనాల్ దాటించి జైలీన్‌లో వేసినప్పుడు పాలలా మబ్బు లేచిందంటే నీరు ఇంకా ఉందని అర్థం. వెనక్కి, 100 శాతానికి వెళ్లాలి. అలాగే మౌంట్ చేస్తే నెల తిరక్కముందే స్లైడు మసకబారుతుంది.

స్లైడులో కనిపించినవి: ముందు కొనలో శంకువు, దాని వెంట భుజాలు, దగ్గరదగ్గరగా రెండు చూషకాలు, చెట్టు కొమ్మల్లా చీలిన పేగు, కొమ్మలు వేసిన ముష్కాలు ఒకదాని వెనక ఒకటి, వాటికి ముందు కొమ్మలు వేసిన అండాశయం, పక్కల నిండా విటెల్లేరియా (గుడ్డు సొన గ్రంథులు). ఫాసియోలా ప్రజాతి, అంటే కార్జపు ఫ్లూక్. ఇందులో సందేహం లేదు. డైక్రోసీలియమ్ అనే మరో ఫ్లూక్ కూడా పైత్యరస నాళాల్లోనే ఉంటుంది, కానీ అది 6 నుంచి 10 మి.మీ. దాటదు, పేగు కొమ్మలు వేయదు, ముష్కాలు అండాశయానికి ముందు ఉంటాయి.

కష్టమంతా జాతి దగ్గర వచ్చింది. గొర్రె నుంచి వచ్చినవి 30 మి.మీ. లోపు ఉండి, భుజాలు స్పష్టంగా, వెనక భాగం కోసుగా ఉన్నాయి. చూడగానే ఫాసియోలా హెపాటికా అనాలనిపిస్తుంది. గేదెవి 40 మి.మీ. దాటాయి, పక్కలు దాదాపు సమాంతరం, భుజాలు పలచన. ఫాసియోలా జైగాంటికా అనాలనిపిస్తుంది. జైగాంటికా 75 మి.మీ. వరకు పెరుగుతుంది. అయితే గొర్రెలోని పురుగు, గేదెలోని పురుగు ఒకే జాతివైనా పరిమాణంలో తేడా వస్తుంది. ఆతిథేయి కాలేయం పెద్దదైతే పురుగూ పెద్దదవుతుంది. వయసు తక్కువైన జైగాంటికా హెపాటికా పొడవే ఉంటుంది. ఒట్టి పొడవు నమ్మకూడదు. పొడవును వెడల్పుతో భాగించిన నిష్పత్తి, ఉదర చూషకం నుంచి వెనక కొన వరకు ఉన్న దూరం, ఈ రెండూ కలిపి చూడాలి. చూసినా, రెండు జాతులూ ఉన్న ఆసియా, ఆఫ్రికా ప్రాంతాల్లో మధ్యంతర రూపాలు అడ్డొస్తాయి.

ఆసియాలోని ఈ మధ్యంతర రూపాల్లో చాలా వాటికి శుక్రాశయం (శుక్రం నిల్వ ఉండే సంచి) ఖాళీగా, లేదా దాదాపు ఖాళీగా ఉంటుంది. అవి ఫలదీకరణ లేకుండానే గుడ్లు పెడతాయి. రంగు వేసిన స్లైడులో శుక్రాశయం చూడటం చాలామంది వదిలేసే పని, కానీ నిమిషం కూడా పట్టదు. ఈ కేసులో గొర్రె పురుగుల్లో కొన్నిటికి శుక్రాశయం ఖాళీగా కనిపించింది. అందువల్ల కొలతల మీద జాతి పేరు రాయడం ఆపేశాం.

డీఎన్ఏ కోసం ఇథనాల్‌లోని పురుగు వెనక అంచు నుంచి 2, 3 మి.మీ. ముక్క తీయాలి. మధ్యలోంచి తీస్తే గర్భాశయంలోని గుడ్లు, వేరే పురుగు శుక్రం కలుస్తాయి. పేగు ఉన్న చోట తీస్తే ఆతిథేయి రక్తం కలుస్తుంది. కేంద్రక డీఎన్ఏలోని ఐటీఎస్1 భాగాన్ని పెంచి ఆర్ఎస్ఏ1 ఎంజైముతో కోస్తే, ముక్కలను పొడవు బట్టి విడదీసే జెల్ మీద రెండు జాతులకూ 360, 60 బేస్ జతల దగ్గర గీతలు ఉమ్మడిగా వస్తాయి. జైగాంటికాకు 170 దగ్గర, హెపాటికాకు 100 దగ్గర గీత అదనం. రెండూ ఒకే గాడిలో కనిపిస్తే మిశ్రమం. మైటోకాండ్రియా జన్యువు ఒక్కటే చదివి జాతి తేల్చేసేవారున్నారు. అది తల్లి వైపు నుంచి మాత్రమే వస్తుంది, సంకర పురుగుకు కూడా ఒకటే స్వచ్ఛమైన పేరు చెప్పి ఊరుకుంటుంది. ఫాసియోలాలో ఆ పద్ధతి ఒంటరిగా వాడకూడదు.

అదనపు గీతల్లో గేదె పురుగులకు 170 ఒక్కటే వచ్చింది. ఖాళీ శుక్రాశయం ఉన్న గొర్రె పురుగులకు రెండూ వచ్చాయి.

రెండు, మూడు: నిజమైన దోషులు

రెండో సీసా పురుగును పక్కకు తిప్పి చూస్తే ముందు కొనలో నోరు, వెనక కొనలో పెద్ద చూషకం. మధ్యలో ఉదర చూషకం లేదు. ఆంఫిస్టోమ్. కొన్నిటి కడుపు వైపు, నోటి వెనకనుంచి మొదలై ఒంటి పొడవునా సాగే ఒక సంచి ఉంది. గాస్ట్రోథైలసిడే కుటుంబానికి ఆ సంచే గుర్తు. అక్కడి నుంచి ప్రజాతికి వెళ్లడానికి అడ్డకోత కావాలి. ముష్కాలు పక్కపక్కన ఉండి, గర్భాశయం ఒంటి మధ్యలో ఒక పక్క నుంచి మరో పక్కకు దాటితే గాస్ట్రోథైలాక్స్. ముష్కాలు ఒకదాని మీద ఒకటి ఉండి, గర్భాశయం మధ్యరేఖలోనే నడిస్తే ఫిషోడెరియస్. ముష్కాలు పక్కపక్కన, గర్భాశయం మధ్యరేఖలో ఉంటే కార్మయేరియస్. మన సంచి పురుగుల్లో గర్భాశయం దాటింది, ముష్కాలు పక్కపక్కన ఉన్నాయి: గాస్ట్రోథైలాక్స్.

సంచి లేనివి పారాంఫిస్టోమిడే వైపు పోతాయి, అక్కడ పని బరువెక్కుతుంది. ఇవి లావుగా ఉంటాయి కాబట్టి మొత్తం పురుగుకు రంగు వేస్తే ఎర్రటి ముద్ద తప్ప ఏమీ కనిపించదు. పారఫిన్‌లో పోసి, సరిగ్గా మధ్యరేఖ వెంట నిలువుగా 5 నుంచి 8 మైక్రాన్ల కోతలు తీయాలి. వెనక చూషకం, గ్రసని (గొంతు), జననాంగ ద్వారం, ఈ మూడింటిలో కండరాల వరస ఎలా ఉందన్న దాని మీదే ప్రజాతులు తేలుతాయి. ఆ కండర రకాలకు 1937లో నాస్‌మార్క్ పెట్టిన పేర్లే ఇప్పటికీ నడుస్తున్నాయి. కోత మధ్యరేఖ నుంచి కాస్త పక్కకు జరిగినా కండరాల కట్టల లెక్క మారిపోయి వేరే రకంలా కనిపిస్తుంది. గ్రసని, జననాంగ ద్వారం, వెనక చూషకం మధ్యభాగం మూడూ ఒకే కోతలో వస్తేనే అది పనికొచ్చే కోత. పురుగు వంకరగా చచ్చి ఉంటే అలాంటి కోత ఎప్పటికీ రాదు, మరో పురుగు తీసుకోవాలి. మొదట్లోనే నిటారుగా చంపాలని అనడం ఇందుకే.

మూడో సీసా ఈ కేసుకు కీలకం. పైత్యరస నాళంలో దొరికింది కాబట్టి సేకరించిన వాళ్లు దాన్ని కార్జపు జలగ అన్నారు. తిప్పి చూస్తే ఇదీ ఆంఫిస్టోమే: శంకువు ఆకారం, ఒంటితో పోలిస్తే మితిమీరిన వెనక చూషకం. జైగాంటోకోటైల్ ఎక్స్‌ప్లానేటమ్. కొందరు దీన్ని ఎక్స్‌ప్లానేటమ్ ఎక్స్‌ప్లానేటమ్ అని రాస్తారు, పురుగు ఒకటే. గేదెల పైత్యరస నాళాల్లోనూ, పిత్తాశయంలోనూ ఉండే ఆంఫిస్టోమ్ ఇది. దొరికిన అవయవం చూసి పేరు పెట్టడం ఎంత ప్రమాదమో చెప్పడానికి దీనికి మించిన పురుగు లేదు.

ఇంతకీ ట్రైక్లాబెండజోల్ ఫాసియోలా మీద లేత దశ నుంచి పెద్ద పురుగు వరకు పనిచేస్తుంది, ఆంఫిస్టోమ్‌ల మీద పనిచేయదు. మందు తరవాత మిగిలిన పురుగులన్నీ ఆంఫిస్టోమ్‌లే. నిరోధకత అనుమానానికి ఇక మిగిలిన ఆధారం పేడలోని గుడ్లు ఒక్కటే.

గుడ్లను మళ్లీ చూడటం

ఫ్లూక్ గుడ్లు బరువైనవి. సంతృప్త ఉప్పు ద్రావణంలో తేల్చే పద్ధతి వీటికి కుదరదు; తేలవు, తేలేంత చిక్కటి ద్రావణం వాడితే ముడతపడి గుర్తు తెలియకుండా పోతాయి. అడుగుకు దింపే పద్ధతి ఒక్కటే మార్గం. 10 గ్రాముల పేడను నీటిలో కలిపి 250 మైక్రాన్ల జల్లెడ పట్టి, పొడవాటి కోన్ పాత్రలో 5 నిమిషాలు వదిలి, పైనీరు మెల్లగా వంచేయాలి. నీరు తేటపడేదాకా నాలుగైదు సార్లు. చివర మిగిలిన అడుగులో 1 శాతం మిథిలీన్ బ్లూ ఒక్క చుక్క. గడ్డి పీచు నీలమవుతుంది, గుడ్లు రంగు పట్టవు.

ఫాసియోలా గుడ్డు పసుపు, బంగారు గోధుమ రంగు. లోపల సొన మొత్తం నిండి ఉంటుంది, పిండకణం కలిసిపోయి కనిపిస్తుంది. ఆంఫిస్టోమ్ గుడ్డు బూడిద రంగు, పారదర్శకంగా ఉంటుంది, లోపలి కణాలు విడివిడిగా కనిపిస్తాయి, మూత లేని కొనలో తరచు చిన్న బుడిపె ఉంటుంది. కొలతలు మాత్రం సాయం చేయవు. హెపాటికా గుడ్డు పొడవు 130 నుంచి 150 మైక్రాన్లు, జైగాంటికా 150 పైన, ఆంఫిస్టోమ్‌లు 114 నుంచి 176 వరకు. ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. మొదటి పరీక్షలో ఆకారం, మూత, కొలత చూసి ఆపేశారు. పైగా అయోడిన్ చుక్క వేశారు. అయోడిన్ వేస్తే బూడిద గుడ్డూ పసుపుకు తిరుగుతుంది, వేరుచేసే ఒక్క గుర్తూ పోతుంది.

మందుకు ముందు దాచిన పేడలో రెండు రంగుల గుడ్లూ ఉన్నాయి. 21వ రోజు పేడలో బూడిద రంగు గుడ్లు మాత్రమే. రెండుసార్లూ మొత్తం సంఖ్య ఒకేలా కనిపించడానికి కారణం, మొదటినుంచీ ఎక్కువ భాగం ఆంఫిస్టోమ్‌లవే కావడం. చచ్చిన ఫాసియోలా వదిలిన గుడ్లు పిత్తాశయంలో నిలిచి కొన్నాళ్లు పేడలో రావచ్చు కాబట్టి రెండు వారాల లోపు చూసి తీర్పు చెప్పకూడదు. 21వ రోజుకు అవీ లేవు. నిరోధకత లేదు.

గుడ్డు స్థాయిలో "ఆంఫిస్టోమ్" అన్న మాట దాటి వెళ్లకూడదు. గాస్ట్రోథైలాక్స్ గుడ్డో, జైగాంటోకోటైల్ గుడ్డో పేడలో చూసి చెప్పడం ఊహే అవుతుంది. ఇంకో హెచ్చరిక: పలచగా పారుతున్న లేత పశువు పేడలో గుడ్లు లేవని ఆంఫిస్టోమ్‌లను కొట్టేయకూడదు. చిన్నపేగు మొదట్లో గోడను కొరికి రోగం తెచ్చేవి గుడ్లు పెట్టే వయసు రాని లేత పురుగులే. అలాంటి పేడ అడుగులో గులాబీ రంగు చిన్న పురుగులే దొరకవచ్చు.

చెరువు నుంచి వచ్చినవి

నాలుగో సీసా త్వరగా తేలింది. మొప్పల పురుగు వెనక కొనలో చూషకం కాదు, కొక్కేలున్న పట్టు పళ్లెం ఉంది. దాన్ని హాప్టర్ అంటారు. మోనోజీనియా. స్లైడు మీద తడిగా నొక్కి, అమ్మోనియం పిక్రేట్ గ్లిజరిన్ ఎక్కించి కొక్కేలు లెక్కపెట్టాం. అంచు కొక్కేలు 14, తలలో నాలుగు కంటి మచ్చలు, ఒంట్లో గుడ్డు: డాక్టిలోగైరస్. అంచు కొక్కేలు 16 ఉండి, కంటి మచ్చలు లేకుండా, ఒంట్లో గుడ్డుకు బదులు పెరుగుతున్న పిల్ల, దాని లోపలి కొక్కేలు కూడా కనిపిస్తే అది గైరోడాక్టిలస్. మోనోజీనియాకు నత్త అక్కర్లేదు, చేప నుంచి చేపకు నేరుగా పోతుంది. గేదెకు, గొర్రెకు దీనితో ఏ సంబంధమూ లేదు.

ఐదోది ఆల్చిప్ప పురుగు. కడుపు వైపంతా ఒకే పెద్ద పళ్లెం, దాని మీద తేనెపట్టులా నాలుగు వరసల గదులు, లోపల ఒకే పేగు, ఒకే ముష్కం: ఆస్పిడోగాస్టర్ కాంకికోలా. ఇది ట్రెమటోడాయే, కార్జపు పురుగుకు మోనోజీనియా కన్నా దగ్గరి చుట్టం. కానీ డైజీనియా కాదు. నత్తలో ఒకటి వందలుగా పెరిగే అలైంగిక దశ దీనికి లేదు. ఒక గుడ్డు నుంచి ఒక్క పురుగే వస్తుంది. పశువులకు ఎక్కదు.

పశువులకు ఎక్కేవి నత్తల నుంచే రావాలి కాబట్టి చెరువు గట్టు నత్తలు తెప్పించాం. ఒక్కో నత్తను క్లోరిన్ లేని 10 మి.లీ. నీటిలో విడిగా ఉంచి, కొన్ని గంటలు వెలుతురులో పెట్టాలి. కొన పైకి పట్టుకుని చూస్తే నోరు కుడివైపు ఉన్న కోలగా ఉండే లిమ్నియా కుటుంబపు నత్తల నుంచి, చీలని తోక, రెండు చూషకాలు ఉన్న సెర్కేరియాలు (నత్త నుంచి బయటికి ఈదే పిల్ల దశలు) వచ్చాయి: ఫాసియోలా తరహా. బల్లపరుపుగా చుట్టుకున్న ప్లానోర్బిడే నత్తల నుంచి రెండు కంటి మచ్చలు, ముదురు వర్ణకం, తోక మొదట్లో వెనక చూషకం ఉన్నవి వచ్చాయి: ఆంఫిస్టోమ్‌లు. రెండు రకాలూ గాజు గోడకు అంటుకుని తిత్తులు కట్టేస్తాయి, అందుకని "తిత్తి కట్టింది, ఫాసియోలాయే" అనడం పొరపాటు. ఈదుతుండగానే చూడాలి. తోక చివర రెండుగా చీలి ఉంటే రక్తనాళాల్లో బతికే షిస్టోసోమా ఫ్లూక్‌ల గురించి ఆలోచించాలి, చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఇక్కడ అలాంటివి రాలేదు.

రిపోర్టు

రిపోర్టులో క్రమం, కుటుంబం కూడా రాశాం. పాతకాలంలో చూషకాలను బట్టి డిస్టోమ్, ఆంఫిస్టోమ్, మోనోస్టోమ్ అని పంచేవారు. ఆ లెక్కన ఫాసియోలా, డైక్రోసీలియమ్ రెండూ డిస్టోమ్‌లు. 2003లో ఓల్సన్, సహ పరిశోధకులు రైబోసోమ్ జన్యువులతో కట్టిన వంశవృక్షంలో డైజీనియా రెండు క్రమాలుగా విడింది: షిస్టోసోమాలు ఉన్న డిప్లోస్టోమిడా, మిగతా అత్యధికం ఉన్న ప్లాజియోర్కిడా. ఫాసియోలా, డైక్రోసీలియమ్, ఆంఫిస్టోమ్‌లు మూడూ ప్లాజియోర్కిడాలోనే ఉన్నా వేర్వేరు ఉపక్రమాల్లోకి వెళ్లాయి. ఆంఫిస్టోమ్ అన్న మాట ఇప్పటికీ సౌకర్యంగా నిలిచింది, ఎందుకంటే ఆ ఆకారం నిజంగానే ఒక వంశాన్ని సూచిస్తోంది. డిస్టోమ్ మాత్రం ఏ వంశాన్నీ సూచించదు, దాన్ని రిపోర్టులో వాడటం మానుకోవాలి.

క్రమం పేరు చూసి మందు ఎంచుకోవడం కూడా కుదరదు. ప్రాజిక్వాంటెల్ అనే మందు మనుషుల్లో డిప్లోస్టోమిడాలోని షిస్టోసోమాల మీద పనిచేస్తుంది, ప్లాజియోర్కిడాలోని క్లోనార్కిస్, ఒపిస్తార్కిస్ అనే కార్జపు ఫ్లూక్‌ల మీద కూడా పనిచేస్తుంది, అదే క్రమంలోని ఫాసియోలా మీద పనిచేయదు. మందు అంటుకునే అయాన్ మార్గంలో ఫాసియోలాకు ఒక్క అమైనో ఆమ్లం తేడా ఉండటం దీనికి కారణమని 2021లో వెల్లడైంది. కాబట్టి వైద్యుడికి కనీసం ప్రజాతి పేరు అందాలి.

ఈ మందకు సలహా: ఫాసియోలాకు వేసిన మందు సరిగ్గానే పనిచేసింది, అదే మళ్లీ వేయొద్దు. ఆంఫిస్టోమ్‌లకు ఆక్సిక్లోజనైడ్ అనే మందు, మోతాదూ పాలు ఆపే గడువూ లేబుల్ ప్రకారం. గట్టుకు కంచె వేసి, తాగే నీటిని తొట్టిలోకి మళ్లించాలి. చేపల మొప్పల సమస్య వేరే కేసు, వేరే వైద్యం. ఆల్చిప్పలను ఏమీ చేయనక్కర్లేదు.

భద్రపరిచిన సీసాల మీద కొత్త లేబుళ్లు వేశాం. ఒకటో దాన్ని రెండుగా విడదీశాం: గేదెవి "ఫాసియోలా జైగాంటికా, ఐటీఎస్1 ప్రకారం", గొర్రెవి "ఫాసియోలా, మధ్యంతర రూపం, శుక్రాశయం ఖాళీ". మూడో సీసా మీద, అవయవం పేరు కన్నా ముందు, "ఆంఫిస్టోమ్" అని పెద్దక్షరాలతో.